వార్డు ఇన్‌ఛార్జి బరువు 2,700 రూపాయలేనా?
మీరు పెట్టిన ఎయిమ్స్ నర్సుల జీతాల పట్టిక బాగుందండీ, కానీ జీతం పక్కన ఎవరి పని ఏంటో కూడా వెయ్యాల్సింది. ఏడో పే కమిషన్ ప్రకారం నర్సింగ్ ఆఫీసర్‌ది జీతాల లెవెల్ 7, మూలవేతనం 44,900తో మొదలు. సీనియర్ నర్సింగ్ ఆఫీసర్‌ది లెవెల్ 8, 47,600. మొదట్లో తేడా 2,700. దానికి ఇన్‌ఛార్జిగా వార్డు మొత్తం సీనియర్ నెత్తిన పడుతుంది: డ్యూటీ రోస్టర్, ఇండెంట్లు (మందులు, సామాను కావాలని రాసే కాగితాలు), స్టాకు రిజిస్టర్లు, మత్తు ఇంజెక్షన్ల లెక్క. ఒక్క ఆంప్యూల్ తేడా వచ్చినా సంజాయిషీ ఆవిడే చెప్పుకోవాలి. పైగా ప్రమోషన్ రాకపోయినా, పదేళ్లు ఒకే లెవెల్లో ఉంటే ఎంఏసీపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద లెవెల్ 8 జీతం ఎటూ వస్తుంది. ఇక రోస్టర్ తగాదాలు కోరి ఎవరు తెచ్చుకుంటారు? (నైట్లు తగ్గుతాయన్న ఆశ తప్ప!) ఇన్‌ఛార్జి పనికి విడిగా అలవెన్సు ఇవ్వాల్సిందే అంటాను. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో చేస్తున్నవాళ్లు ఏమంటారు?