స్పీకర్ల కంటే ముందు గోడల సంగతి

ఒడిశాలోని మన బరంపురంలో కొత్తగా మేడ కట్టిన తెలుగువాళ్లలో కొందరు పై అంతస్తులో ఒక గదిని పాటలు వినడానికే కేటాయిస్తున్నారు. సరదా మంచిదే. డబ్బంతా స్పీకర్లకు, యాంప్లిఫయర్‌కు పోసి, గదిని మాత్రం సిమెంటు డబ్బాలా వదిలేయడమే నాకు మింగుడుపడదు. కింద పాలరాయి, పైన స్లాబు, చుట్టూ నున్నటి గోడలు. ఒక్క చప్పట కొడితే నాలుగు వినిపిస్తాయి.

మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. చాలామందికి తెలుగు చెవి ద్వారా వచ్చేదే. పద్యంలో ఒత్తులు, జంటాక్షరాలు వెంటవెంటనే పడుతుంటాయి. ముందు అక్షరం మోత తగ్గకపోతే తర్వాతి హల్లు దాని కింద నలిగిపోతుంది. రాగం వినిపిస్తుంది, మాట తెలియదు. అలాంటప్పుడు పిల్లవాడికి ఆసక్తి లేదని కోప్పడి ఏం లాభం?

గదిలో మోత ఎంతసేపు నిలుస్తుందనే లెక్కను 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్రవేత్త మొదలుపెట్టాడు. మాట తెలియని ఉపన్యాస గదిలోకి పక్క థియేటర్ కుర్చీల మెత్తలు తెచ్చి పేర్చుతూ, శబ్దం ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని తలాలు శబ్దాన్ని పీల్చే మొత్తంతో (ఒక్కో తలం వైశాల్యాన్ని అది పీల్చే పాలుతో గుణించి, అన్నీ కూడితే వచ్చేది) భాగిస్తే మోత నిలిచే సెకన్లు వస్తాయి. కొలతలన్నీ మీటర్లలో ఉండాలి. 12 అడుగుల చదరం, 10 అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ సిమెంటు గదిలో అది దాదాపు 3 సెకన్లు! అర సెకనుకు దించాలంటే శబ్దాన్ని పూర్తిగా మింగే తలం 13 చదరపు మీటర్లు కావాలి. అంటే ఒక గోడను మించి.

కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చాలంటారు కొందరు. అవి కీచుదనాన్ని కాస్త తగ్గిస్తాయేమో గాని మృదంగం ఎడమ వైపు పలికే గుమ్కీ లాంటి దిగువ నాదాన్ని ఏమీ చేయలేవు. పైగా బొద్దింకలకు కాపురం. 4 అంగుళాల దూది పరుపును చెక్క చట్రంలో బిగించి, పలుచని నూలు గుడ్డ కప్పి, గోడకు 4 అంగుళాల ఎడంగా నిలబెట్టండి. ఆ సందు వల్ల దిగువ స్వరాలు కూడా కొంత అణుగుతాయి, మన సముద్రపు తేమకు బూజు పట్టడమూ తగ్గుతుంది. ప్లగ్గుల దగ్గర మాత్రం వద్దు, దూది కదా. ఎక్కడ నిలబెట్టాలో అద్దమే చెబుతుంది. మీరు కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరపమనండి. అందులో స్పీకరు కనిపించిన చోటే పరుపు.

చదరపు గది అన్నిటికంటే మొండిది. 12 అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర మోత పుడుతుంది, పొడవూ వెడల్పూ సమానం కాబట్టి రెండు వైపులా అదే మోత. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ స్వరం మాయం, గోడకు ఆనుకుంటే గుభేలు. కుర్చీని నడిమికి కాస్త వెనక్కి జరపడానికి పైసా ఖర్చు లేదు.

ఉగాది సభల్లోనూ ఇదే బాధ. మాట అందడం లేదని ఏటా స్పీకర్ల ధ్వని పెంచుతాం, దానితో పాటు మోతా పెరుగుతుంది. ఈసారి కొత్త స్పీకర్ల ప్రతిపాదన ఆపి, దూది ఏకి పరుపులు కుట్టే వారిని పిలిపించి ముందుగా హాలు వెనక గోడ కొలతలు తీయించమని కమిటీని కోరుతున్నాను.