బడితోటకు వేసవిలో నీళ్లు పోసేదెవరు?

మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన, మూడేళ్ల క్రితం పిల్లలు ఆరు మడులు కట్టి తోటకూర, పాలకూర, గోంగూర చల్లారు. గట్టు వెంట అలసందలు పెట్టి, మూలన ఒక మునగ కొమ్మ పాతారు. సెప్టెంబరు నాటికి వారానికి రెండు రోజులు పప్పులోకి ఆకుకూర అక్కడి నుంచే వచ్చేది. వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడి తెరిచేసరికి ఆ మడుల్లో ఎండిన మోళ్లు, మేకల అడుగుజాడలు మాత్రమే మిగిలాయి. మునగ ఒక్కటే బతికింది.

బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, ఆపై తరగతుల వారికి 75 గ్రాములు కూరగాయలు ఉండాలన్న నిబంధన కూడా ఉంది. అయితే ఆ కూరగాయలను ముందుగా తమ డబ్బుతో సంతలో కొని, బిల్లు వచ్చేదాకా ఎదురుచూసేది మా బడిలో వంట చేసే అమ్మలే. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు మా పిల్లలు సాంబారులో ముక్క కోసం వెతుక్కున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆనాటి పసివాళ్లే ఇప్పుడు మన బడుల్లో పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల కంచంలోకి రోజూ గుప్పెడు ఆకుకూర చేరడం చిన్న విషయమని నేను అనుకోను.

చదువు మాటకొస్తే, ఆ తోటలో నేను కళ్లారా చూసినది ఒకటి చెప్పాలి. ఏడో తరగతి అమ్మాయి ఒక అలసంద మొక్కను పీకి, వేళ్లకున్న బుడిపెలు చూసి, "సార్, దీనికి పురుగు పట్టింది" అంది. మాస్టారు ఒక బుడిపెను గోటితో చీల్చి లోపలి గులాబి రంగు చూపించి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవులు అందులో ఉంటాయని వివరించారు. మరునాడు ఆ అమ్మాయి వాళ్ల నాన్న చేలోంచి పెసర మొక్క తెచ్చి, దాని వేళ్లకూ బుడిపెలున్నాయని తరగతిలో అందరికీ చూపించింది.

బడిలో పిల్లలచేత మట్టిపని చేయించడమేమిటని కొందరు తల్లిదండ్రులు అడిగారు. పేదింటి పిల్లలచేతే ఊడ్పించిన చరిత్ర ఉన్న చోట ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. అందుకే తోటపనికి టైంటేబుల్‌లో పీరియడ్ ఉండాలి, అందరూ వంతులవారీగా చేయాలి, ఉపాధ్యాయులు కూడా పార పట్టాలి. దాన్ని ఎన్నడూ శిక్షగా వేయకూడదు.

నేను కోరేది ఇంతకంటే పెద్దదేమీ కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీళ్లు పోసి కాపలా కాసే మనిషికి కూలి ఇవ్వండి. మేకలు దూరకుండా కంచె వేయండి. బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు మురుగుకాలువలోకి పోకుండా మడుల వైపు మళ్లించండి. సెలవులకు ముందే విత్తనం తీసి దాచండి.

ఆ మునగ ఇప్పుడు వంటగది కప్పు దాటి పెరిగింది. ఈ గురువారం కూడా పప్పులో దాని ఆకే వేశారు.