ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 వరకు గారికి

మహారాజశ్రీ ఇంగ్లండ్ దేశపు లెస్టర్ నగరంలో మా అమ్మాయి ఇంటికి నెట్ పెట్టే మనిషి వస్తాడని కంపెనీ చెప్పిన పూట, అనగా ఇంటర్నెట్ అపాయింట్‌మెంట్ స్లాట్ గారి దివ్యసముఖానికి, కోనసీమ అంబాజీపేట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమం. తమరూ క్షేమమే అయి ఉంటారు, నిన్న ఇల్లు కదిలింది లేదు కదా. మీ ఎనిమిదంటే మాకు పన్నెండున్నర, మీ ఒంటిగంటంటే అయిదున్నర. అంటే నేను అన్నం తిని నడుం వాల్చే వేళకి మొదలై సాయంత్రం టీ తాగేదాకా తమరి ఏలుబడే. మా అమ్మాయి నైట్ డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొచ్చింది. ఆ అద్దింటికి కాలింగ్ బెల్ పనిచెయ్యదు, పడుకుంటే తలుపు కొట్టినా వినపడదేమోనని దాని టెన్షన్. "నాన్నా, నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను తూగితే గట్టిగా అరువు" అంది. మాట్లాడాను. కొబ్బరికాయ రేటు చెప్పాను, ఎదురింటివాళ్ళ గేదె ఈనిన సంగతి చెప్పాను, ఇంకేం లేక ఎక్కాలు అప్పజెప్పమన్నాను. పదిహేడో ఎక్కం మధ్యలో తల వాల్చేసింది. నేను పెట్టిన కేకకి అక్కడ అమ్మాయీ లేచింది, ఇక్కడ పక్కగదిలో వాళ్ళమ్మా లేచింది.

ఇక లాభం లేదని ఫోను కిటికీలో పెట్టి వీధివైపు తిప్పమన్నాను. ఆ వీధిలో నిన్న ఏం జరిగిందో నన్నడగండి చెబుతాను. ఒక ముసలాయన కుక్కని అటు తీసుకెళ్ళి ఇటు తీసుకొచ్చాడు. పోస్టాయన వచ్చాడు. ఎదురుగోడ మీంచి పిల్లి దిగింది. వ్యాను ఆగలేదు, మనిషి దిగలేదు, తలుపు ఎవరూ కొట్టలేదు. ఇంకో పది నిమిషాల్లో తమరి గడువు తీరుతుందనగా మెసేజ్ వచ్చింది. "మా ఇంజినీరు మీ ఇంటికి వచ్చారు, మీరు ఇంట్లో లేరు." అది చదివి వినిపిస్తుండగానే అమ్మాయి ఫోనులో డేటా అయిపోయింది. నెట్ పెట్టేవాడి కోసం కాపలా కాస్తూ ఉన్న నెట్టు కాస్తా ఖర్చు పెట్టుకున్నాం.

ఏవండీ, ఇంట్లో లేకపోవడమేమిటండీ? నిద్ర చచ్చి కళ్ళు వాచిపోయి కూర్చుంది పిల్ల. ఇన్ని వేల మైళ్ళ దూరాన ఉన్న నేను కూడా ఆ పూటంతా ఆ ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ఒక పద్ధతి ఉందట. అందులో చేరిన కంపెనీ, మనిషిని పంపుతామన్న పూట పంపకపోతే, మనం అడక్కుండానే డబ్బు ఇచ్చుకోవాలి. మొదట్లో 25 పౌండ్లు, ఆ తర్వాత ధరలతోపాటు అదీ పెరిగింది. మంచి పద్ధతే. కానీ మనిషి వచ్చాడు, మీరే లేరు అని రాసేస్తే? పైసా ఇవ్వక్కర్లేదు! ఈ మెసేజ్ వెనక అలాంటి దురుద్దేశం ఉందని నేను అనను. అంటాను, ఎందుకనకూడదు? సరే ఫోన్ చేసి అడుగుదామంటే నెట్ అమ్మేది ఒకరట, వైరు ఇంకొకరిదట, వీళ్ళనడిగితే వాళ్ళనంటారు, వాళ్ళతో మనం మాట్లాడ్డానికి వీల్లేదంటారు. మధ్యలో సంగీతం.

తమరి బంధువర్గం కూడా తక్కువదేం కాదు. ఖాతా తెరవాలంటే అడ్రసుకి రుజువుగా కరెంటు బిల్లు తెమ్మంటుంది బ్యాంకు, నెలనెలా బిల్లు కట్టాలంటే బ్యాంకు ఖాతా చెప్పమంటుంది కరెంటు కంపెనీ. అందాకా, ముందే డబ్బు వేస్తేనే కరెంటిచ్చే మెట్ల కింద మీటరేమో ముందున్న అద్దెవాళ్ళ బాకీని మా అమ్మాయి వేసిన డబ్బులోంచి కోసుకుంది. దీపం వెలిగించినా వెలిగించకపోయినా రోజుకి దాదాపు అర పౌండు స్టాండింగ్ ఛార్జి. నిన్న ఆ పోస్టాయన తెచ్చిందేమిటో తెలుసా, టీవీయే లేని ఇంటికి, టీవీ చూడ్డానికి లైసెన్సు కొనమని ఉత్తరం. దానికి మాత్రం ఇల్లు దొరికింది.

మా కేబుల్ కుర్రాడూ అబద్ధాలాడతాడు, వాణ్ణేం వెనకేసుకు రావడంలేదు. ఫోన్ చేస్తే "దార్లోనే ఉన్నానండి మాస్టారూ, ఆయ్" అంటాడు, వెనకాల టీకొట్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంటుంది. అయితే వాడి అబద్ధం వాడి నోటితో వాడే ఆడతాడు. సాయంత్రం సెంటర్లో దొరకబుచ్చుకుని నాలుగు తిడితే పడతాడు, పడి బండేసుకుని వస్తాడు. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు తీగల మీద కూలిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడు కూడా లైన్‌మన్‌ని ఆపి మా వీధికెప్పుడయ్యా అంటే "ఇప్పట్లో అవ్వదండి" అని మొహం మీదే చెప్పాడు. కోపం వచ్చింది, కానీ ఇంటికెళ్ళి లాంతరు తుడుచుకున్నాం. మరి స్లాటూ, నీకు మొహమేదీ? మెసేజ్ కింద పేరు లేదు, జవాబిద్దామంటే ఈ నంబరుకి జవాబులు పంపరాదట. అబద్ధమాడి, తిట్టించుకోడానికి ఒక మనిషిని కూడా పెట్టని ఏర్పాటు ఏం ఏర్పాటయ్యా? ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన వాణ్ణి, ఒక్క ఫోన్ నంబరు ఇప్పించు, చాలు.

మళ్ళీ వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. పూట మళ్ళీ నువ్వే.

ఈ సంగతి కేబుల్ కుర్రాడికి చెబితే, ఆ ఇంటి బయట స్తంభం, గోడకున్న తెల్ల డబ్బా ఫొటోలు తెప్పించమన్నాడు. వేళ్ళతో పెద్దవి చేసుకుని చూసి, "అరగంట పనండి మాస్టారూ" అని ఫోను తిరిగిచ్చేస్తూ, "ఆయ్, ఆ దేశం వీసాకి ఎంతవుద్దండి?" అనడిగాడు.

కనుక్కుంటున్నాను.