లోరెమ్ ఇప్సమ్ గారి దివ్యసముఖమునకు ఒక డిజైనర్ విన్నపం

అసలు మాటలు వచ్చేదాకా డిజైన్లలో చోటు నింపే అర్థంలేని లాటిన్ పాఠం, మహారాజశ్రీ లోరెమ్ ఇప్సమ్ గారికి,

కాకినాడలో ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెడుతున్న ఒక యూఎక్స్ డిజైనర్ (యాప్ తెరలు వాడేవారికి వీలుగా రూపొందించేవాడు) నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని అడగకుండానే తెలుస్తోంది, ఎందుకంటే ఈ ఉదయం డిజైన్ ఫైలు తెరవగానే ప్రతి పెట్టెలోనూ, ప్రతి పేరాలోనూ ఒక్క అక్షరం చెదరకుండా కొలువుదీరి కనిపించారు. క్షేమం కరువైందల్లా తమరిని లేపి ఆ చోట అసలు మాటలను కూర్చోబెట్టవలసిన మా వంటివారికే.

తమరి వంశం గొప్పది, కాదనను. క్రీ.పూ. 45లో రోమన్ వక్త సిసెరో సుఖదుఃఖాల గురించి రాసిన గ్రంథంలోని వాక్యాలను ముక్కలు చేసి, అటూ ఇటూ కలిపి, అర్థం అంటకుండా తమరిని తయారుచేశారు. 1960లలో రుద్ది అక్షరాలు అంటించే లెట్రాసెట్ షీట్ల మీద అక్షరాలుగా అంటుకున్నారు, 1980లలో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చేయి పట్టుకుని కంప్యూటర్లలోకి దిగారు. ఆ పేజ్‌మేకర్‌లోనే, తెలుగు అక్షరాల అను ఫాంట్లు పెట్టుకుని, మన విజయవాడ, హైదరాబాద్ డీటీపీ వాళ్లు శుభలేఖలు మొదలుకొని పుస్తకాల దాకా కూర్చారు గానీ, వాళ్ల దగ్గర తమరి ఆటలు సాగినట్టు లేవు. పెళ్లికూతురి పేరు తర్వాత చెబుతాం, ముందు శుభలేఖ వేసి పెట్టమని వాళ్లను అడిగే ధైర్యం ఎవరికీ ఉండి ఉండదు. మమ్మల్ని మాత్రం రోజూ అలాగే అడుగుతున్నారు.

మా దినచర్య తమరికి తెలియనిది కాదు. పొద్దున్నే జరిగే రోజువారీ సమావేశం, స్టాండప్‌లో ప్రాడక్ట్ మేనేజర్ గారు, బెంగళూరు నుంచి, కెమెరా ఆపుకుని, "ముందు డిజైన్ కానివ్వండి, మాటలదేముంది, తర్వాత చూసుకుందాం" అని సెలవిస్తారు. సాయంత్రానికి నేను తమరిని రెండున్నర వరుసలు పోసి, స్క్రీన్ షేర్ చేస్తే, అటువైపు గోరంత బొమ్మగా కనబడే ఆ తెరను చూసి అందరూ "చాలా క్లీన్‌గా ఉంది" అని ముక్తకంఠంతో ఆమోదిస్తారు. ఆఫీసులోనైతే నా వెనక నుంచి కాఫీ కప్పుతో వెళ్లే ఎవరో ఒకరు ఆగి, ఇంతకీ ఇక్కడ ఏం రాస్తారని అడిగేవారేమో. ఇంట్లో నా వెనక నుంచి వెళ్లేది మా అమ్మ ఒక్కతే. ఆవిడ తమరిని కళ్లజోడు సర్దుకుని మరీ చదివి, "ఇదేం మంత్రంరా?" అని అడిగింది. మా సంస్థ మొత్తంలో తమరిని చదివిన సమీక్షకురాలు ఆవిడే, ఆవిడకు జీతం లేదు.

అసలు కథ తెలుగు వచ్చాక మొదలవుతుంది. మాది కరెంటు బిల్లులు కట్టుకునే, డబ్బు పంపుకునే యాప్. విడుదలకు ముందురోజు రాత్రి తెలుగు మాటలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో దిగుతాయి. తమరి రోమన్ లిపి నేల మీద నడిచే లిపి, కిందికి వేలాడే తోకలు నాలుగైదు అక్షరాలకు మించవు. మా అక్షరానికి నెత్తిన గుడి ఉంటుంది, కాళ్ల కింద వత్తు ఉంటుంది, 'స్త్రీ' వంటి చోట్ల ఒక వత్తు చాలక రెండో వత్తు కూడా వచ్చి చేరుతుంది. తమరి కొలతలకు కుట్టిన పెట్టెలో దాన్ని కూరితే ఏమవుతుందో చూడాలంటే మా బటన్ చూడాలి. పెట్టె ఎత్తు బిగించి ఉండటం వల్ల లావత్తు అడుగున తెగిపోయి, 'చెల్లించండి' కాస్తా 'చెలించండి' అయింది, దాని పైనున్న 'బిల్లు' 'బిలు' అయింది. పుణెలో కూర్చున్న డెవలపర్ మహాశయుడికి తెలుగు చదవడం రాదు, అది ఆయన తప్పు కాదు, కానీ టికెట్ (లోపాన్ని నమోదు చేసే చీటీ) మూసేస్తూ "నా ఫోన్‌లో బాగానే ఉంది" అని రాయడం మాత్రం ఆయన సొంత రచనే. పెట్టె ఎత్తు పెంచుదామంటే ఆ పెట్టె అన్ని తెరలకూ కొలతలు నిర్ణయించే డిజైన్ సిస్టమ్ వారిదట, వారి అనుమతి కావాలట, అనుమతించే సమావేశం వచ్చే విడత పనిలో, అంటే వచ్చే స్ప్రింట్‌లోనట. ఈలోగా వేరొక పెద్దమనిషి ఫైలులో ఒక కామెంట్ వదిలి వెళ్లారు: మన నియమావళి ప్రకారం బటన్ల మీది మాటలన్నీ క్యాపిటల్ అక్షరాలలో ఉండాలి గనుక తెలుగును కూడా క్యాపిటల్స్‌లోకి మార్చవలసిందని. ఆ కామెంట్‌కు ఇప్పటికే ముగ్గురు బొటనవేలు ఎత్తి ఉన్నారు. దానికి మర్యాదగా జవాబు రాయడం ఎలాగో నాకు ఇంకా తోచలేదు.

నమూనాలలో పేరు చోట పెట్టే తమరి సహచరుడు జాన్ డో సంగతి కూడా విన్నవించుకోవాలి. డబ్బు పంపే తెరలో ఆయన పేరు ఎంత పొందికగా ఇముడుతుందో! మా వైపు అన్నవరం సత్యదేవుడి చలువ వల్ల ఇంటికొక సత్యనారాయణ ఉంటాడు, ముందు వెంకట, మధ్యలో సూర్య, వీటన్నిటికీ ముందు ఇంటిపేరు. ఒకే కుటుంబంలో తాత, పెదనాన్న, మనవడు ముగ్గురికీ పేరు మొదటి సగం ఒకటే కావడం మా దగ్గర వింతేమీ కాదు. జాన్ డో వెడల్పుకు కత్తిరించిన ఆ వరుసలో ముగ్గురూ ఇంటిపేరు, ఒక 'వెంకట', మూడు చుక్కలుగా కనిపిస్తారు. మనవడి హాస్టల్ ఫీజు తాతగారి ఖాతాలో పడితే దాన్ని మా మీటింగులలో 'యూజర్ ఎర్రర్' అంటారు.

1993లో ఆపిల్‌లో చేరిన డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ తన హోదాలో 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాట చేర్చుకున్న నాటి నుంచి, యూజర్‌ను అడిగి చేయాలన్నది మా వృత్తిధర్మం. ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయని 2000లో ఈ రంగపు నిపుణుడు జేకబ్ నీల్సన్ రాశారు. వాడేవారిలో వేర్వేరు రకాలుంటే ఒక్కో రకాన్ని విడిగా పరీక్షించాలని కూడా ఆ వ్యాసంలోనే ఉంది గానీ, అంతదాకా చదివే తీరిక ఎవరికి? మా ఐదుగురినీ సహోద్యోగుల స్నేహితులలోంచి ఏరారు. అందరివీ ఖరీదైన ఫోన్లే, అందరూ ఇంగ్లీషులోనే వాడతారు. వీడియో కాల్‌లో తమరితో నిండిన తెర చూపించి, ఇక్కడ రాసినది అర్థమైందా అని అడిగితే, ఐదుగురూ స్పష్టంగా ఉందన్నారు. నివేదికలో ఆ ముక్క పచ్చరంగులో వేశారు.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఇకపై నేను మొదటి నమూనాలోనే విద్యుత్ శాఖ వారి అసలు రశీదులోని వాక్యాలూ, మా వీధిలోని అత్యంత పొడవైన పేరూ పెట్టి చూపించదలచుకున్నాను. తెర అందంగా ఉండదు, సమీక్షలో "ఎందుకింత చిందరవందరగా ఉంది" అంటారు, ఆమోదం ఒక వారం వెనక్కు పోతుంది. తమరు నొచ్చుకోకుండా నా ఫైళ్లు ఖాళీ చేయవలెను.

అన్నట్టు, గత విడుదలలో ఎవరో మార్చడం మరిచిపోగా, సహాయం పేజీ అడుగున తమరు యథాతథంగా జనంలోకి వెళ్లిపోయారు. చాలాకాలం ఎవరూ గుర్తించలేదు. చివరకు ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది: "సార్, కింద ఇంగ్లీషు మరీ కష్టంగా ఉంది, దయచేసి తెలుగులో పెట్టండి." అనువాదం చేయించమని టికెట్ నా పేరనే వేశారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఆశ్రితుడు,
ఒక యూఎక్స్ డిజైనర్