బట్టల బ్రష్షు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లాస్టిక్ బ్రష్షు గారి సముఖమునకు,

హన్మకొండ నుంచి రాసుకుంటున్న విన్నపం. మా ఇంట్లో ఏది ఎక్కడ ఒలికినా పిలవకముందే హాజరయ్యేది మీరే. సమస్యంతా అదే.

మా ముందుగదిలో పరిచిన జంపఖానా వరంగల్ కొత్తవాడ మగ్గం మీద నేసినది. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శన దాకా వెళ్లాయి. ఇక్కడి దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీ దగ్గర మాత్రం ఆ గుర్తింపు చెల్లలేదు.

సంక్రాంతికి చుట్టాలొచ్చారు. సకినాల పళ్లెం తగిలి టీ కప్పు పడింది. పొడి నూలుగుడ్డ అద్ది, అంచు నుంచి మధ్యకు వస్తే సగం టీ గుడ్డలోకే పోయేది. మిగిలిన దానికి నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ సరిపోయేది, అదీ ముందు ఓ మూల రంగు దిగదని చూసుకున్నాక. కానీ మీరు దిగారు. "ఇంకొంచెం గట్టిగా రుద్దు బిడ్డా" అని మా అత్తమ్మ ప్రోత్సాహం ఒకటి. అరచేతంత మరక విస్తరాకంత అయింది. పోగులు లేచి, నున్నటి నేత మీద నూగు మొలిచింది.

మీ మిత్రులూ మీకు తగ్గవారే. పసుపు మరక మీద సబ్బుపొడి పడగానే ఎర్రబడింది. క్షారం తగిలితే పసుపు గుణం అంతే. మీరు దాన్ని కొత్త మరక అనుకుని మళ్లీ విజృంభించారు. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, ఎండకు మన ఊళ్లో కరువా? రక్తపు చుక్కకు చన్నీళ్లు చాలు. మీరు తెచ్చిన వేడినీళ్లకు అది గడ్డకట్టి దారాన్నే పట్టుకుంది.

ఆవకాయ నూనె సంగతి చెప్పక తప్పదు. మొక్కజొన్న పిండి చల్లి, నూనె పీల్చాక దులిపి, గిన్నెల సబ్బు చుక్కతో అద్దాల్సిన పని అది. మీ కష్టం వల్ల ఆ నూనె అవతలి వైపుకు చేరింది. రెండువైపులా వాడుకోవచ్చని నమ్మి కొన్న జంపఖానా అండీ అది!

కావున తమరిని స్నానాలగదికి బదిలీ చేశాం. అక్కడి గచ్చుకు నేతా లేదు, గుర్తింపూ లేదు. మీ స్థానంలో మామయ్య పాత పంచె ముక్క బాధ్యతలు స్వీకరించింది. అత్తమ్మ మాత్రం మీ బదిలీని రద్దు చేయించే ప్రయత్నంలో ఉన్నారు.

ఇట్లు,
తిరగేసి పరుచుకునే దారి కూడా లేని గృహిణి