సవరణ: గ్లిమ్మర్‌గ్లాస్ సంస్థ పుట్టుక, పాటల పద్ధతి గురించి

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, కూపర్స్‌టౌన్ దగ్గర నడిచే గ్లిమ్మర్‌గ్లాస్ సంగీత నాటక సంస్థ 1987లో, ఆట్‌సీగో సరస్సు పక్కన ఉన్న తన రంగశాలలోనే మొదలైందని క్రితం వ్యాసంలో రాశాను. అది తప్పు. సంస్థ 1975లోనే కూపర్స్‌టౌన్ హైస్కూల్ ఆడిటోరియంలో ఇటలీ స్వరకర్త పుచ్చీని రచించిన ‘లా బోహేమ్’ అనే ఒపేరాతో (అంటే దాదాపు పూర్తిగా పాటలతోనే సాగే నాటకంతో) ప్రదర్శనలు ప్రారంభించింది, 1987 అనేది సరస్సు పక్కన ఉన్న ఆ రంగశాల, ఆలిస్ బుష్ ఒపేరా థియేటర్, తెరిచిన సంవత్సరం మాత్రమే. బడి హాలులో గడిచిన ఆ పన్నెండేళ్ల శ్రమను నా వాక్యం చెరిపేసినందుకు నిజంగా బాధపడుతున్నాను.

అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి ఉంది. 2011లో ఫ్రాంచెస్కా జంబెల్లో నాయకత్వంలో పేరు ‘గ్లిమ్మర్‌గ్లాస్ ఫెస్టివల్’గా మారి, ఒపేరాలతో పాటు మాటలూ పాటలూ కలిసిన అమెరికన్ మ్యూజికల్స్ కూడా ప్రతి ఏటి కార్యక్రమంలో భాగమైనప్పుడు, ఆ మ్యూజికల్స్‌ను న్యూయార్క్ నగరంలోని బ్రాడ్‌వే నాటకశాలల్లో లాగే మైకులతో పాడిస్తారని రాశాను. కానీ జంబెల్లో పెట్టుకున్న నియమం దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉండేది: పూర్తి ఆర్కెస్ట్రా వాయిస్తుండగా, మైకు సాయం లేకుండా, గొంతు బలంతోనే పాడాలి. సుమారు 900 సీట్లున్న చిన్న రంగశాల కావడం ఇందుకు కలిసొచ్చింది. మైకులు రాకముందు మన పద్యనాటక నటులు చివరి వరుసకు వినిపించేలా పాడిన తీరు తెలిసినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ వ్యాసంలో గ్లిమ్మర్‌గ్లాస్ గురించి ‘లాభాపేక్ష లేని సంస్థ’ అన్న మాటను ఉచిత ప్రదర్శనలనే అర్థంలో నేను వాడడమూ సరికాదు. టికెట్లు అమ్ముతారు, విరాళాలూ తీసుకుంటారు. మిగులును మాత్రం ఎవరూ పంచుకోరు.