ఎస్టిమేట్ వేసే ముందు మా వీధికి రండి సార్

"ప్రజల భాగస్వామ్యంతో నగరాభివృద్ధి" అని ఎక్కడ ఫ్లెక్సీ కనబడినా నాకు ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఆ ప్రజల్ని పిలిచింది పనికి ముందా, పని అయిపోయాకా? అనంతపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. మమ్మల్ని చీపురు పట్టుకోవడానికి పిలిచారు, మొక్క నాటడానికి పిలిచారు, ర్యాలీలో నడవడానికి పిలిచారు, శంకుస్థాపన రోజు కుర్చీలు నింపడానికి పిలిచారు. కాలువ ఎటు పోవాలి, రోడ్డు ఎంత ఎత్తుండాలి, కల్వర్టు ఎక్కడ పడాలి అని అడగడానికి మాత్రం ఒక్కరూ మా గడప తొక్కలేదు.

మా పక్క వీధిలో కాలువ కట్టినప్పటి సంగతి చెప్తాను. నున్నటి ప్లాస్టరింగ్, పైన నాపరాళ్లు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వీధి మొదట్లో బొరుగుల ఉగ్గాని బండి పెట్టుకునే అక్క పని జరిగినన్నాళ్లూ చెప్తానే ఉంది. "మేస్త్రీ, వాటం ఇటు కాదు, అటుండాల. వానొస్తే నీళ్లన్నీ మసీదు సందు కాడికే పోతాయి. పెండ్లయి వచ్చిన కాడ్నుంచి చూస్తాండా." "లెవెల్ చూసే వేస్తాండాం లేమ్మా" అన్నారు. పని అయిపోయి, కొలతలు ఎం.బుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో, ఎక్కించడానికి ఇంజనీరు సారొచ్చిన రోజు ఆమె ఏమీ వాదించలేదు. గిన్నెలు కడిగిన నీళ్ల బకెట్ తెచ్చి కాలువలో వంపింది. నీళ్లు నాలుగడుగులు పోయి, ఆగి, మెల్లగా వెనక్కొచ్చి ఆమె కాళ్ల ముందే నిలబడ్డాయి. పైన ఎర్రగడ్డ పొట్టు, ఒక కరివేపాకు రెబ్బ తేలుతున్నాయి. చుట్టూ నిలబడిన మేమందరం చూశాం, ఆ సారూ చూశాడు. బిల్లు మాత్రం అయిపోయింది. కాలువ ఇప్పటికీ అట్లే ఉంది, దోమలు పెంచుతోంది.

ఆ అక్కకు లెవెలింగ్ మిషన్ వాడడం రాదు. కానీ ఆ వీధిలో నీళ్లు ఎట్ల నడుస్తాయో ఆమెకు తెలిసినంత ఏ డ్రాయింగుకూ తెలియదు. ఆమె మాట ఎస్టిమేట్ వేసేటప్పుడు వినుంటే పైసా అదనపు ఖర్చు లేదు. కట్టాక విని ఏం లాభం? పగలగొట్టాలి, మళ్లీ టెండర్ పిలవాలి, మళ్లీ నిధులు రావాలి.

రోడ్ల కథా ఇంతే. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. ఒకప్పుడు రెండు మెట్లెక్కి పోయే ఇండ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి పోవాల్సి వస్తోంది. వానొస్తే వాకిట్లో నీళ్లు, గడప మీద ఇసుక మూటలు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగే వాన మనది. దేశంలోనే తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని పాఠాల్లో చదువుకున్నాం. అలాంటి ఊళ్లో 2022 అక్టోబరులో నడిమివంక అనే వాగు పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. జనం కట్టుబట్టలతో మిద్దెలెక్కారు. వంక ఎంత వెడల్పుండేదో, ఎక్కడ ఇరుకైందో గట్టు పక్కన బతికే ముసలోళ్లను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. మునిగాక పరామర్శకు వచ్చినవాళ్లు చాలామందే. మునగకముందు ఆ ముసలోళ్ల పక్కన కూర్చొని విన్నవాళ్లెవరు?

ఊరు దాటి ఏ పల్లెకు పోయినా గ్రామసభ అని ఒకటుంటుంది. అది ఎంత బాగా జరుగుతుందనేది వేరే సంగతి. కనీసం ఓటరుగా పోయి కూర్చొని అడిగే హక్కు చట్టంలో ఉంది. పట్నంలో ఉన్నవాడికి అదీ గట్టిగా లేదు. పట్టణాల పాలన గురించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు వేయాలని 243ఎస్ అధికరణం చెబుతుంది. 2011 లెక్కల్లో కర్నూలు, కడప ఆ గీత దాటాయి, మన అనంతపురం 2.6 లక్షల దగ్గర ఆగింది. గీత దాటనంత మాత్రాన వీధివాళ్లను అడగొద్దని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు కదా? 2019 అక్టోబర్ 2న వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలైంది. ప్లానింగ్‌కు ఒక సెక్రటరీ, రోడ్లు, నీళ్ల లాంటి అమెనిటీస్‌కు ఒకరు, శానిటేషన్‌కు ఒకరు వచ్చారు. మంచిదే, సర్టిఫికెట్ కోసం కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ దగ్గరైంది అర్జీ ఇచ్చే చోటే. పని నిర్ణయమయ్యే చోటు ఎప్పటిలాగే దూరంగానే ఉంది.

మనకింకో అలవాటుంది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ఊరి కోసం బలైందని చిన్నప్పట్నుంచీ విన్నాం. ఆ తల్లికి దండం పెడతాను. కానీ ప్రతి కాలనీలో మనం అదే జరగాలని ఎదురుచూస్తున్నాం. ఒక రిటైర్డ్ టీచరో, ఒక రైల్వే పెద్దాయనో ఫైలు చంకలో పెట్టుకొని సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు తిరుగుతుంటాడు. "ఆయప్ప ఉన్నాడు లే, చూసుకుంటాడు" అని మనం తలుపేసుకుంటాం. ఆయన మంచాన పడితే వీధి సమస్యా మంచాన పడుతుంది. ఒక మనిషి ఓపిక మీద వీధంతా బతకడం అన్యాయం. ఆ పెద్దాయనకూ అన్యాయమే.

కరాచీ శివార్లలో ఒరంగీ అనే బస్తీ ఉంది. అక్కడ 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన ఒక సంస్థ పెట్టి, మురుగునీటి పని చేపట్టారు. ఇరవై ముప్పై ఇండ్లున్న సందును ఒక యూనిట్‌గా తీసుకున్నారు. సందువాళ్లే తమలో ఒకరిని ఎన్నుకొని, డబ్బు పోగేసి, పైపు వేసుకున్నారు. కొలతలు, మ్యాపులు, సలహా ఆ సంస్థ ఇచ్చింది. బయటి పెద్ద కాలువ మాత్రం ప్రభుత్వ బాధ్యతే అన్నారు. మనం డబ్బు కట్టాలని నేననడం లేదు, ఇంటి పన్ను కడుతూనే ఉన్నాం. నాకు నచ్చింది ఆ సందు లెక్క. ముప్పై ఇండ్లవాళ్లు ఒకరినొకరు ఎరుగుదురు, తప్పు జరిగితే నిలదీయగలరు. డివిజన్ మొత్తానికి ఒక మీటింగ్ పెడితే మైకు పట్టుకున్నవాడే మాట్లాడతాడు.

ఇక్కడ జనం ముందుకు రారంటారు కొందరు ఆఫీసర్లు. పనిదినం పదకొండు గంటలకు మీటింగ్ పెడితే కూలికి పోయే ఆడమనిషి ఎట్ల వస్తుంది? రాత్రి ఏడున్నరకు రామాలయం కట్ట మీద పెట్టి చూడండి. పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ మెప్మా కింద పొదుపు సంఘాల ఆడవాళ్లు నెలనెలా కూర్చుంటారు, తీర్మానం రాస్తారు, లక్షల అప్పు తెచ్చి వాయిదా తప్పకుండా కడతారు. మా వీధి సంఘం లీడర్ నోటితో చెప్పే లెక్క నేను కాలిక్యులేటర్‌తో సరిచూసినా అంతే వస్తుంది. ఆమె చేతికి కాలువ పని కొలతల కాగితం ఇస్తే ఎన్ని మీటర్లు, ఎన్ని బస్తాలు అని నిలబెట్టి అడుగుతుంది. బహుశా అందుకే ఇవ్వరేమో.

మన తప్పులూ ఉన్నాయి, దాచను. కాలువ మీద ర్యాంపు కట్టేది మనం, పూడిక తీయడానికి వస్తే రాయి లేపనీయకుండా గొడవపడేది మనం, క్యారీబ్యాగులో చెత్త కట్టి అదే కాలువలో పడేసేది మనం. అయితే నా మాటకు విలువుందని తెలిసిన చోట మనిషి వేరేగా ఉంటాడని నా నమ్మకం. తను చెప్పిన చోట పడిన కాలువలో ఎవరైనా చెత్త వేస్తే ఆ ఉగ్గాని అక్క ఊరుకుంటుందా?

1997లో జన్మభూమి అనే ప్రభుత్వ కార్యక్రమం వచ్చినప్పుడు ఊళ్లలో శ్రమదానం చేశారు. తర్వాత్తర్వాత పని ఖర్చులో జనం కట్టాల్సిన వాటా కూడా కాంట్రాక్టర్లే కట్టేసి పనులు పట్టుకుంటున్నారని విమర్శలొచ్చాయి. నిర్ణయం జనం చేతిలో లేనప్పుడు వాటా ఎవరు కడితేనేం అనే పరిస్థితి అట్లనే వస్తుంది.

మా నాలుగో క్రాస్‌లో కొత్త కాలువ పడబోతోందని తెలిసింది. ఈసారి మేం శంకుస్థాపన దాకా ఆగడం లేదు. వచ్చే సోమవారం ముప్పై ఇండ్ల సంతకాలతో అర్జీ ఇస్తున్నాం. టెండర్‌కు ముందే ఇంజనీరు సారు ఒక సాయంత్రం మా వీధిలో నడవాలి, వాటం ఎటో మేం చూపిస్తాం. ఎస్టిమేట్ తెలుగులో, పొడవు, లోతు, డబ్బు రాసి, మా వీధి గోడ మీద అంటించాలి. ఫైనల్ బిల్లుకు ముందు మా ముందరే కాలువలో నీళ్లు పోసి చూడాలి. ఒప్పుకోకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. జరుగుతున్న పనిని దగ్గరుండి చూసే హక్కు, వాడే సామగ్రి శాంపిల్ తీసుకునే హక్కు కూడా అందులోని సెక్షన్ 2(జె) ఇచ్చింది. దరఖాస్తు రాసి పెట్టుకున్నాం. మీ వీధికి కావాలంటే అడగండి, పంపిస్తాను. వీధి పేరు మార్చుకుంటే సరిపోతుంది.